రెండు సెంట్ల పెరడు... ఇంటిల్లిపాదికీ కూర

వారానికో మడి విత్తుకుంటే బజారుకు సంచీ పంపే పని తగ్గుతుంది



మన మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కొబ్బరి ఉంది, జీడి ఉంది, పనస ఉంది. కానీ చాలా ఇళ్ళల్లో సాయంత్రం అయ్యేసరికి వంకాయల కోసం, తోటకూర కట్ట కోసం బజారుకు సంచీ పంపాల్సి వస్తోంది. ఎకరా తోట ఉన్నవాడూ కొంటున్నాడు, కాశీబుగ్గలో అద్దె ఇంట్లో ఉన్నవాడూ కొంటున్నాడు. ఉద్దానం అనే పేరు ఉద్యానవనం నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. అలాంటి నేల మీద కూర్చుని కూరాకు కొనుక్కోవడం ఏం బాగుంటుంది?

'ఆఁ... రెండు సెంట్లలో ఏటి పండుతాది?' అని కొట్టిపారేస్తారు చాలామంది. పండుతుంది. కాకపోతే పొలం లెక్క వేరు, పెరటి లెక్క వేరు. పొలంలో పంట ఒక్కసారి ఇంటికి రావాలి. పెరట్లో మాత్రం ప్రతి వారం కొంచెం కొంచెం రావాలి. ఈ ఒక్క తేడా తెలియకే చాలా పెరళ్ళు రెండు నెలలు పచ్చగా ఉండి, తర్వాత గడ్డి మొలిచి పోతున్నాయి. ఈ వారం పాఠం దాని గురించే. ఇంటి వెనక రెండు సెంట్లు ఉన్నవారికీ, పట్నంలో మేడ మీద నాలుగు బకెట్లు పెట్టుకోగలిగిన వారికీ ఇది పనికొస్తుంది.

ముందు లెక్క చూసుకుందాం

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన ప్రకారం ఒక మనిషి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు తినాలి. ఇంట్లో అయిదుగురు ఉంటే రోజుకు 2 కిలోలు. నెలకు 60 కిలోలు. మన ఇళ్ళల్లో ఇందులో సగం తింటున్నామో లేదో మీరే చూసుకోండి. ధర పెరిగిన వారం కూర తగ్గి, చారు నీళ్ళు పెరుగుతాయి. ముందు తగ్గేది ఇల్లాలి కంచంలోనే.

రెండు సెంట్లు అంటే సుమారు 97 గజాలు. అయిదుగురి కుటుంబానికి కూరగాయలన్నీ ఇంట్లోనే పండాలంటే 200 చదరపు మీటర్లు, అంటే అయిదు సెంట్ల వరకూ కావాలని శాస్త్రవేత్తలు చెబుతారు. కాబట్టి రెండు సెంట్లలో అన్నీ వస్తాయని మేము చెప్పం. బంగాళాదుంప, ఉల్లి కొనుక్కోవలసిందే. కానీ ఆకుకూర, కరివేపాకు, పచ్చిమిరప, కొత్తిమీర బయట కొనే పని చాలావరకు తప్పుతుంది. వారంలో రెండు మూడు రోజులు కాయగూర కూడా ఇంట్లోంచే వస్తుంది. రోజుకు 40 రూపాయల కూర కొంటున్న ఇంట్లో ఏడాదికి 14,600 రూపాయలు అవుతుంది. అందులో సగం మిగిలినా చిన్న రైతుకు అది చిన్న మాట కాదు.

విత్తనం అంతా ఒకేసారి చల్లొద్దు

తొలకరి పడగానే తోటకూర విత్తనం పొట్లం తెచ్చి ఉన్నదంతా ఒక్కరోజే చల్లేస్తాం. ఇరవై అయిదు రోజులకు అంతా ఒకేసారి కోతకు వస్తుంది. పది రోజులు పొద్దూ మాపూ అదే కూర. పిల్లలు మొహం తిప్పుకుంటారు. ఇరుగు పొరుగుకి పంచుతాం. మిగిలింది ముదిరి కంకి వేస్తుంది. ఆ తర్వాత నెలంతా మళ్ళీ బజారే.

దీనికి మందు తేలిక. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుతో నాలుగు మడులు కట్టండి. మూడడుగులే ఎందుకంటే, రెండు వైపుల నుంచీ చెయ్యి అందుతుంది, మడిలో కాలు పెట్టి తొక్కే పని ఉండదు. ఇక ఇలా విత్తండి:

మొదటి వారం ఒకటో మడిలో తోటకూర. రెండో వారం రెండో మడిలో పాలకూర. మూడో వారం మూడో మడిలో గోంగూర. నాలుగో వారం నాలుగో మడిలో మెంతి గానీ కొత్తిమీర గానీ. అయిదో వారానికి ఒకటో మడి కోతకు వస్తుంది. కోసిన చోట ఒక తట్ట చివికిన గత్తం వేసి, బొరిగెతో తిరగేసి, తోటకూర కాకుండా వేరే కూర విత్తండి. ఇలా మడి మారుతూ, కూర మారుతూ పోతే వారం అటూ ఇటూగా ఏడాదంతా ఏదో ఒక ఆకుకూర ఉంటుంది. ఎండాకాలంలో పాలకూర, మెంతి సరిగా రావు. అప్పుడు వాటి బదులు తోటకూర వేసుకోండి. కంచె మీద బచ్చలి తీగ ఎలాగూ ఉంటుంది.

తోటకూర విత్తనం చాలా సన్నం. ఆ మడికి రెండు మూడు చిటికెలు చాలు. గుప్పెడు ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట గుత్తుగా పడకుండా సమంగా పడుతుంది. చల్లిన తర్వాత పలచగా మట్టి కప్పి, మూడు రోజులు తడి గోనె పరచండి. చీమలు ఎత్తుకుపోకుండా ఉంటాయి, మొలక బాగా వస్తుంది. మొలక కనబడగానే గోనె తీసేయాలి.

ఏది ఎక్కడ వేయాలి

పెరట్లో అన్నిటికంటే విలువైనది ఎండ. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి పోతాడు. అందువల్ల ఎత్తు పెరిగే మునగ, కరివేపాకు, బొప్పాయి, అరటి ఉత్తరం పక్కన వేయాలి. దక్షిణం పక్కన వేస్తే మడుల మీద నీడ పడుతుంది. రోజుకు కనీసం అయిదారు గంటల ఎండ లేని చోట వంగ, టమాటా, బెండ కాయవు. కొబ్బరి నీడ తప్పని ఇళ్ళల్లో ఆ నీడ కింద పసుపు, అల్లం, కంద, చేమ వేసుకోండి. అవి నీడను ఓర్చుకుంటాయి.

కంచెను ఖాళీగా వదలొద్దు. దొండ, బచ్చలి, చిక్కుడు కంచె మీదే పాకుతాయి. మేకలూ కోళ్ళూ దూరకుండా కంచె కింద అడుగు ఎత్తు వరకు కొబ్బరి మట్టలు అల్లి కట్టండి. మిగిలిన జాగాలో ఆరేసి మొక్కలు వంగ, మిరప, టమాటా, రెండు వరసలు బెండ, రెండు వరసలు బరబాటి చాలు. ఆనప, బీర ఒక్కొక్క పాదు. నాలుగు బంతి మొక్కలు మడుల మూలల్లో పెడితే తేనెటీగలు వస్తాయి, పాదుల్లో పిందె నిలుస్తుంది.

ఇసుక నేలకు కొబ్బరి డొక్కే బలం

సముద్రం పక్క ఊళ్ళల్లో నేల ఇసుక. పోసిన నీరు పోసినట్టే కిందికి దిగిపోతుంది, ఎరువు కూడా దానితో పోతుంది. దీనికి విరుగుడు మన పెరట్లోనే పడి ఉంది. అదే కొబ్బరి డొక్క. పాదు తవ్వినప్పుడు అడుగున రెండు వరసల డొక్కలు, లోపలి గుంట పైకి ఉండేలా పేర్చండి. బోర్లా పెడితే నీరు జారిపోతుంది. వాటి మీద చివికిన గత్తం, మట్టి కలిపి నింపితే తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది.

పీచు పొట్టు తన బరువుకు అయిదు రెట్లకు పైగా నీరు పట్టి ఉంచుతుంది. అయితే పచ్చి పొట్టు నేరుగా వేయకూడదు. అందులో ఉప్పు, వగరు ఉంటాయి, మొక్క గిడసబారుతుంది. రెండు మూడుసార్లు మంచినీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ నీళ్ళు పారబోసి వాడాలి. లేదా పేడతో కలిపి కొన్ని నెలలు మాగనివ్వాలి.

మొక్కల మొదళ్ళలో ఎండుటాకు కప్పండి. జీడి ఆకు తొందరగా కుళ్ళదు కాబట్టి కప్పడానికి మంచిది. నీళ్ళు ఒకేసారి ఎక్కువ పోయొద్దు. మడికి రోజుకు ఒక బిందె అనుకుంటే సగం పొద్దున, సగం సాయంత్రం పోయండి.

స్నానాల నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు వృథా చేయొద్దు. బియ్యం కడిగిన నీళ్ళు ఏ మొక్కకైనా పోయొచ్చు. సబ్బు నీళ్ళు మాత్రం చిన్న కాలవ తీసి అరటి, కొబ్బరి పాదులకే మళ్ళించండి. ఆకుకూర మడికి సబ్బు నీరు, మురుగు నీరు తగలకూడదు.

అక్టోబరును మరవొద్దు

2013లో పైలీన్ తుపాను అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న విశాఖ దగ్గర దాటింది. 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున మన పలాస దగ్గరే తీరం దాటింది. అప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే వచ్చాయి. ఏటా అదే రోజు వస్తుందని కాదు. కానీ మన పెరటి పంచాంగం అక్టోబరును చూసుకునే రాసుకోవాలి.

తిత్లీ తర్వాత ఉద్దానంలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా కూలిపోయాయి. దారులు మూసుకుపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. తోటకూర విత్తితే ఇరవై అయిదు రోజులకు కూర. కుటుంబం మళ్ళీ నిలబడడానికి రెండూ కావాలి. కానీ మొదటి నెల గడిపేది తోటకూరే.

అందుకని కాలం లెక్క ఇలా వేసుకోండి:

మే, జూన్: కంద, చేమ, పెండలం నాటండి. ఇవి నేల లోపల ఊరే పంటలు. గాలికి తీగ తెగినా, ఆకు చిరిగినా దుంప మిగులుతుంది. నీరు నిలవకుండా మడి ఎత్తుగా కట్టడం ఒక్కటే జాగ్రత్త. డిసెంబరు, జనవరి నాటికి, సంక్రాంతి ముందు తవ్వుకోవచ్చు. పెరట్లో పావు వంతు ఈ దుంపలకే ఇవ్వండి.

జూన్, జూలై: బెండ, బరబాటి, గోంగూర, ఆనప, బీర, వంగ, మిరప. ఆనప, బీర తొందరగా వేసుకుంటే తుపాన్ల వేళకు కాపు చాలావరకు చేతికి వస్తుంది. జూలై, ఆగస్టులో చిక్కుడు గింజ వేస్తే చలికాలంలో కాస్తుంది.

సెప్టెంబరు ఆఖరు: పందిరి గుంజలు గట్టి చేయండి. మునగ కొమ్మలు నరికి ఎత్తు తగ్గించండి. అరటి గెలలకు ఊతం పెట్టండి. అన్ని రకాల విత్తనాలు కొంచెం కొంచెం, బాగా ఎండబెట్టి, బూడిద కలిపి గాజు సీసాలో వేసి మూత గట్టిగా బిగించి అటక మీద పెట్టండి. తుపాను వెళ్ళిన మర్నాడు విత్తనం కోసం ఎవరినీ అడగక్కర్లేదు.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు: కోయగలిగిన కాయలన్నీ కోసేయండి. ఆనప, గుమ్మడి, పచ్చి అరటి నిలవ ఉంటాయి. ఆ రోజుల్లో అవే కూర.

నవంబరు, డిసెంబరు: గాలీ వానా తగ్గాక టమాటా, ముల్లంగి, పాలకూర, కొత్తిమీర, మెంతి, క్యాబేజీ.

ఫిబ్రవరి, మార్చి: బెండ, దోస, గోరుచిక్కుడు, గుమ్మడి, తోటకూర.

తోటకు తెచ్చిన మందు పెరట్లో కొట్టొద్దు

జీడిపూతకు కొట్టగా డబ్బాలో రవ్వంత మిగులుతుంది. 'పారేయడం ఎందుకు, వంగకి కొట్టేద్దాం' అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. జీడికి కొట్టిన మందు ప్రభావం తగ్గడానికి కాయ కోసేలోగా చాలా రోజులు దొరుకుతాయి. పెరట్లో వంకాయ ఈ రోజు మందు కొడితే రేపు కూరలో పడుతుంది. అదీ మన పిల్లల కంచంలో. ఖాళీ మందు డబ్బాల్లో మొక్కలు పెట్టడం, వాటితో నీళ్ళు ముంచి పోయడం కూడా పనికిరాదు.

పెరటికి ఇంట్లో చేసుకునే కషాయాలు చాలు. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో నేర్పే పద్ధతులనే పెరటి కొలతకు తగ్గించి ఇస్తున్నాం.

ద్రవ జీవామృతం: 20 లీటర్ల నీళ్ళలో ఒక కిలో ఆవు పేడ, అర లీటరు నుంచి లీటరు ఆవు పంచితం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పు పిండి, గట్టు మీద మట్టి ఒక గుప్పెడు కలపండి. నీడలో పెట్టి, పొద్దూ సాయంత్రం కర్రతో కలియతిప్పండి. రెండు రోజులకు సిద్ధం. వారంలోగా మొక్కల మొదళ్ళలో పోసేయాలి. ఆకుకూర ఆకుల మీద పోయొద్దు.

నీమాస్త్రం: 10 లీటర్ల నీళ్ళలో అర కిలో వేపాకు నూరి వేసి, అర లీటరు పంచితం, 200 గ్రాముల పేడ కలిపి ఒక రోజు ఉంచండి. గుడ్డలో వడగట్టి కొట్టాలి. బరబాటి మీద పేనుబంకకూ, రసం పీల్చే పురుగులకూ పనిచేస్తుంది. కొట్టిన తర్వాత కోసిన కూర రెండు మూడుసార్లు కడిగి వండుకోండి.

వంగలో కొమ్మ చివర వాలిపోతే లోపల పురుగు ఉన్నట్టే. ఆ కొస తుంచి కాల్చేయండి. బీర, దోస కాయలు పుచ్చి రాలితే అక్కడే వదలకండి. పండు ఈగ పిల్లలు అందులోనే ఉంటాయి. గొయ్యి తీసి లోతుగా పాతిపెట్టండి. చేత్తో చేసే ఈ పనులే పెరట్లో సగం వైద్యం.

కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో జాగ్రత్త

ఉద్దానంలో ఈ మాట చెప్పకుండా కూరగాయల పాఠం ముగించకూడదు. ఆకుకూర అందరికీ మంచిదే. కానీ కిడ్నీ జబ్బు ముదిరిన వారికి అదే ముప్పు తేవచ్చు. కారణం పొటాషియం అనే లవణం. మంచి కిడ్నీలు ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేస్తాయి. చెడిన కిడ్నీలు పంపలేవు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది.

పొటాషియం ఎక్కువగా ఉండేవి కొబ్బరి నీళ్ళు, మునగాకు, పాలకూర, తోటకూర, అరటి, దుంపలు, టమాటా. 'వేడి చేసింది, కొబ్బరి నీళ్ళు తాగు' అని ప్రేమగా ఇస్తాం. డయాలసిస్ మీద ఉన్న మనిషికి డాక్టరును అడగకుండా అలా ఇవ్వకూడదు. ఆనప, బీర, దోస వంటివి సాధారణంగా వారికి అనువుగా ఉంటాయి. ఇంట్లో అలాంటి మనిషి ఉంటే పెరట్లో ఈ పాదులు ఒకటి రెండు ఎక్కువ పెట్టండి.

కూర ముక్కలు చిన్నవిగా తరిగి, ఎక్కువ గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వార్చేస్తే పొటాషియం కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు. ఎండుచేప, ఆవకాయ, అప్పడాల్లో ఉప్పు ఎక్కువ, అవి కూడా తగ్గించాలి. ఎవరు ఏది ఎంత తినొచ్చో వారి వారి రక్త పరీక్ష చూసి డాక్టరే చెప్పాలి. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. పరీక్షకు వెళ్ళినప్పుడు మీ పెరట్లో పండే కూరల పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్ళి, ఏది పెట్టొచ్చు, ఏది వద్దు అని గుర్తు పెట్టించుకోండి. ఆ కాగితం వంటింటి గోడకు అంటించండి.

పట్నంలో అద్దె ఇల్లయితే

మన ప్రాంతం నుంచి బతుకు తెరువు కోసం విశాఖ వెళ్ళిన కుటుంబాలు ఎన్నో. కాశీబుగ్గ, టెక్కలిలో పిల్లల చదువు కోసం గది తీసుకున్నవారూ ఉన్నారు. వారికి నేల లేదు. కానీ మేడ మీదో, మెట్ల పక్కనో, వాకిట్లోనో నాలుగు గంటల ఎండ పడే చోటు ఉంటే చాలు, ఆకుకూర పండుతుంది.

పట్నంలో పంటేమిటని నవ్వక్కర్లేదు. 1991లో సోవియట్ దేశం విడిపోయాక క్యూబా దేశానికి చమురు, తిండి సరుకుల దిగుమతి పడిపోయింది. అప్పుడు హవానా నగరంలో జనం ఖాళీ స్థలాల్లో, ఇళ్ళ పెరళ్ళలో, మేడల మీద కూరగాయలు వేసుకున్నారు. మట్టి బాగులేని చోట పక్కన గోడలు కట్టి, లోపల గత్తం మట్టి నింపి మడులు చేశారు. అవసరం వచ్చి నేర్చుకున్న విద్య అది. మనకు ఆ అవసరం రాకముందే నేర్చుకుంటే ఇంకా మంచిది.

రంగు డబ్బాలు, 20 లీటర్ల బకెట్లు, సిమెంటు సంచులు, పాత టబ్బులు ఏవైనా పనికొస్తాయి. బాగా కడిగి, అడుగున నాలుగైదు బెజ్జాలు పెట్టాలి. ఒక వంతు మట్టి, ఒక వంతు చివికిన గత్తం, ఒక వంతు కడిగిన పీచు పొట్టు కలిపి నింపాలి. బకెట్టుకు ఒక వంగ లేదా ఒక టమాటా. వెడల్పు టబ్బుల్లో ఆకుకూర. ఇక్కడా వారానికో టబ్బు లెక్కే.

మూడు జాగ్రత్తలు. ఒకటి, బరువు. తడిసిన మట్టి ఘనపుటడుగుకు 45 కిలోల పైనే ఉంటుంది. మేడ మధ్యలో పెట్టకుండా గోడలు, దూలాలు ఉన్న చోట పైన పెట్టండి. ముందు ఇంటి యజమానిని అడగండి. మొదటి కోత ఆయన ఇంటికి పంపితే రెండో టబ్బుకు అడ్డు చెప్పడు. రెండు, దోమ. బకెట్ల కింద పళ్ళాల్లో నిలిచిన నీళ్ళలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో దోమలై లేస్తాయి. అందుకని వారానికి ఒక్కసారైనా పళ్ళాలన్నీ బోర్లించి ఆరబెట్టండి. మూడు, గాలి. తుపాను హెచ్చరిక ఉంటే మేడ మీది డబ్బాలన్నీ కిందికి దించండి. ఎగిరిపడితే ప్రాణానికే ముప్పు.

వంటింటి చెత్తను ఎరువు చేసుకోవడానికి మూత ఉన్న పాత డబ్బా ఒకటి చాలు. పక్కలకు బెజ్జాలు పెట్టి, ఒక పొర కూరగాయల తొక్కలు, దాని మీద ఒక పొర ఎండుటాకు గానీ పీచు పొట్టు గానీ వేస్తూ పోవాలి. వండిన అన్నం, చేప ముల్లు వేయొద్దు, వాసన వస్తుంది, ఎలకలు చేరతాయి. రెండు మూడు నెలలకు నల్లటి ఎరువు తయారవుతుంది.

పని ఒక్కరి మీద వేయొద్దు

పెరడు పాడవడానికి చీడ కన్నా పెద్ద కారణం ఒకటుంది. మొగవాళ్ళు మడులు కట్టి చేతులు దులుపుకుంటారు. నీళ్ళు, కలుపు, కోత, చెత్త అన్నీ ఇల్లాలి మీద పడతాయి. ఆమెకు అప్పటికే వంట, పశువులు, పిల్లలు ఉన్నాయి. జీడి పిక్కల పనికి వెళ్ళే మనిషైతే సాయంత్రానికి నడుం నిలవదు. రెండు నెలలకు ఆమె వదిలేస్తుంది. పెరడు పోతుంది. తప్పు ఆమెది కాదు.

రోజుకు అరగంట పని. దాన్ని పంచుకోండి. తవ్వకం, గత్తం మోత, పందిరి ఇంటాయన పని. పొద్దుటి నీళ్ళు బడికి వెళ్ళే ముందు పిల్లలు పోయాలి. గుంటడికి ఒక మడి, గుంటకు ఒక మడి పేరు పెట్టి ఇవ్వండి. తాను విత్తిన తోటకూరను ఏ పిల్లా వద్దనదు. విత్తనం దాచడం, పురుగు ఏరడం ముసలివాళ్ళకు ఇవ్వండి. పల్లె నుంచి పట్నానికి కొడుకు దగ్గరికి వచ్చిన తల్లికి నాలుగు గోడల మధ్య పొద్దుపోదు. నాలుగు బకెట్లు ఆమె చేతికి ఇచ్చి చూడండి. ఏ తీగకు ఏ కాలం, ఏ గింజకు ఎంత లోతు అన్నది ఆమెకు తెలిసినంత పుస్తకాలకు తెలియదు. మనవలకు అది చెప్పేవారు ఇంకెవరున్నారు?

ఒక పాత నోటు పుస్తకం వంటింట్లో వేలాడదీయండి. ఏ వారం ఏ మడి విత్తారు, ఏ రోజు ఎంత కోశారు, ఆ రోజు బజారులో దాని ధర ఎంత, ఈ మూడే రాయండి. ఆరు నెలలకు కూడి చూస్తే పెరడు మీ ఇంటికి ఏం మిగిల్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ డబ్బును ఇల్లాలి చేతికే ఇవ్వడం న్యాయం.

ఈ వారమే మొదలుపెట్టండి

రెండు సెంట్లూ ఒకేసారి తవ్వొద్దు. ఈ ఆదివారం ఒక్క మడి కట్టండి. ఒక తట్ట గత్తం వేయండి. తోటకూర విత్తండి. వచ్చే ఆదివారం రెండో మడి. నెల తిరిగేసరికి నాలుగు మడులూ తయారవుతాయి, మొదటి కూర కంచంలోకి వస్తుంది. అప్పుడు పందిరి సంగతి, పాదుల సంగతి చూడొచ్చు.

విత్తనాల గురించి, చీడల గురించి అనుమానం వస్తే మీ ఊరి రైతు సేవా కేంద్రంలో గానీ, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అడగండి. పురుగు పట్టిన ఆకు ఒకటి సంచిలో వేసి తీసుకెళితే సమాధానం తొందరగా దొరుకుతుంది.

గుర్తుంచుకోండి

* విత్తనం అంతా ఒకేసారి కాదు, వారానికో మడి.
* ఎత్తు మొక్కలు ఉత్తరాన, ఆకుకూర ఎండలో, దుంపలు నీడలో.
* పాదులో కొబ్బరి డొక్క గుంట పైకి ఉండాలి.
* అక్టోబరుకు ముందు నేలలో దుంప, అటక మీద విత్తనం సీసా.
* జీడికి తెచ్చిన మందు పెరట్లోకి రాకూడదు.
* కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఆకుకూర, కొబ్బరి నీళ్ళు డాక్టరును అడిగాకే.
* రోజుకు అరగంట పని, ఇంటిల్లిపాదీ పంచుకోవాలి.